తెల్లవారకూడదనుకున్న వాళ్ల కొండ

పొద్దు పొడవక ముందే లేచి కొండ దారి పట్టడం మనకు కొత్త కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి అప్పన్న సన్నిధికి చేరుకునే జనం లక్షల్లో ఉంటారు. అరసవల్లిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే ఆ కొద్ది క్షణాల కోసం ముందు రాత్రే వచ్చి కాచుకుంటారు. వెలుతురుకు ఎదురువెళ్లి దాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం మన పూజల్లోనే కాదు, ముగ్గుల్లోనూ స్నానాల్లోనూ ఉంది. తెల్లవారడమంటే మేలు జరగడమే. ఈ నమ్మకం మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు, మారిషస్‌లో ల మోర్న్ కొండ ఎక్కేదాకా.

సముద్రం అడుగున పేలిన అగ్నిపర్వతం దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట పైకి తేలి మారిషస్ అయింది. దేశంలోకెల్లా ఎత్తయిన శిఖరం 828 మీటర్లే. మన అరకు కొండల పక్కన పెడితే అదేమంత ఎత్తు కాదు. కానీ ఆ కొండలు మెల్లగా ఎత్తు పెరగవు. చదునైన చెరకు తోటల్లోంచి, కొన్నిచోట్ల నేరుగా సముద్రంలోంచి, నిలువునా లేస్తాయి. నైరుతి మూలన నీళ్లలోకి చొచ్చుకుపోయిన చిన్న ద్వీపకల్పం మీద ఒంటరిగా నిలబడిన నల్లరాతి కొండ ల మోర్న్ బ్రాబాన్. ఎత్తు 556 మీటర్లు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు సన్నని మెడలాంటి నేల. యునెస్కో 2008లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఆ గుర్తింపు కొండ అందానికి వచ్చింది కాదు, అక్కడ దాక్కుని బతికిన మనుషుల జ్ఞాపకానికి వచ్చింది.

మేము వెళ్లింది జులైలో. అక్కడ అది చలికాలం, సూర్యోదయం ఆరున్నర దాటాకే. నాలుగింటికల్లా వ్యాను వచ్చింది. ఏడెనిమిది మందిమి, ఒకరికొకరం తెలియని వాళ్లం. జర్మనీ నుంచి వచ్చిన జంట, రియూనియన్ ద్వీపం నుంచి వచ్చిన ఒక నర్సు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, ఆ దేశంలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన. మా గైడు ముప్పయ్యేళ్ల, ఆఫ్రికా సంతతి క్రియోల్ యువకుడు, ఆ కొండ కింది పల్లెలోనే పుట్టినవాడు. అందరి నుదుటికీ దీపాలు కట్టించాడు, నీళ్ల సీసాలు లెక్క చూశాడు, చెప్పుల అడుగులు తిప్పి చూశాడు. ఆ తర్వాత ఒకే నియమం చెప్పాడు. మనలో అందరికంటే మెల్లగా నడిచేవాళ్లు ముందు నడవాలి, మిగతావాళ్లు వాళ్ల వెనకే.

చిన్న గుంపులో నడవడం ఎంత మంచి సంగతో ఆ నియమం వల్ల తెలిసింది. యాభై మంది బస్సు దిగి ఎక్కే కొండ మీద మనిషికి మనిషి అడ్డు. ఎవరు వెనకబడ్డారో ఎవరికీ తెలియదు. మా దగ్గర అలా కాదు. జర్మనావిడకు మోకాలు నొప్పి ఉందని, ఆమె ఊపిరి బరువైనప్పుడల్లా మేమంతా ఆగేవాళ్లం. ఎవరూ ఆగమని చెప్పనక్కర్లేదు, ఆ ఊపిరి అందరికీ వినపడుతోంది. చీకట్లో ముఖాలు కనపడవు కాబట్టి పేర్లు, దేశాలు కూడా వెనక్కి పోయాయి. ముందు మనిషి మడమ మీద పడే వెలుతురు, కాలి కింద జారే రాయి, "దూస్మా, దూస్మా", అంటే మెల్లగా మెల్లగా అని గైడు క్రియోల్‌లో చెప్పే మాట, ఇంతే లోకం.

దారి సగం దాకా బండి దారంత వెడల్పు. రెండు పక్కలా ఎండుగడ్డి, తుప్పలు, గాలి విసిరినప్పుడు ఉప్పు వాసన. తూర్పున కృత్తికలు బాగా పైకొచ్చాయి. ఆ వెడల్పు దారి అయిపోయిన చోట గైడు మమ్మల్ని కూర్చోబెట్టి దీపాలన్నీ ఆర్పమన్నాడు.

కళ్లు చీకటికి అలవాటు పడేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత అతను అడిగిన ప్రశ్న ఇది. "మీరిప్పుడు ఎవరి కంటా పడకూడదు. తెల్లవారితే పట్టుకుంటారు. ఏం చేస్తారు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. అతను కథ మొదలుపెట్టాడు. అందులో చాలా భాగం నేను ముందే చదివిందే అయినా, ఆ చోట కూర్చుని వింటే వేరుగా ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు ఈ ద్వీపానికి మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి బానిసలను తెచ్చారు. మన కోరమాండల్ తీరం నుంచీ, మలబారు నుంచీ, బెంగాలు నుంచీ కూడా తెచ్చారు. ఈ చివరి సంగతి మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనపడదు. తోటల్లోంచి తప్పించుకున్న వాళ్లను మారూన్లు అనేవారు. 1723 నాటి ఫ్రెంచి రాజశాసనం వాళ్లకు శిక్షలు రాసిపెట్టింది. నెల రోజులు కనపడకపోతే చెవులు కోసి, భుజం మీద లిల్లీ పువ్వు ముద్ర కాల్చి వేస్తారు. రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం కోస్తారు. మూడోసారికి చావు. రెండో శిక్షను గైడు చెబుతుంటే, అప్పటిదాకా మోకాలు పట్టుకుని కూర్చున్న జర్మనావిడ చెయ్యి తీసేసింది.

అయినా పారిపోయారు. పారిపోయిన వాళ్ల సంఖ్యను బట్టి ఈ ద్వీపానికి మారూన్ల గణతంత్రమన్న పేరు కూడా వచ్చింది. వాళ్లు ల మోర్న్‌నే ఎందుకు ఎంచుకున్నారో ఎక్కుతుంటే కాళ్లకు తెలుస్తుంది. గోడల్లాంటి చరియలు, పైకి చేరడానికి ఇరుకు దారులు, శిఖరం దగ్గర గుహలు. ఇద్దరు కాపలా ఉంటే ఇరవై మందిని ఆపగలిగే చోటు.

అక్కడి నుంచి దారి మారిపోయింది. చేతులు పెట్టి ఎక్కాలి, అక్కడక్కడా తాళ్లు కట్టి ఉన్నాయి. బసాల్టు రాయి వేల చేతులు తగిలి నునుపెక్కింది. గైడు పైన నిలబడి ఒక్కొక్కరికీ ఎక్కడ కాలు పెట్టాలో చెబుతున్నాడు. కింది నుంచి పెద్దాయన నా పాదం పట్టుకుని సరైన గూట్లో ఉంచాడు. నేనూ అలాగే రియూనియన్ నర్సుకు చెయ్యిచ్చి లాగాను. ఆరున్నరకు కాస్త ముందు, 500 మీటర్ల ఎత్తులో ఇనప శిలువ పాతి ఉన్న రాతి అరుగు మీదికి చేరాం. అసలు శిఖరం అక్కడికి అవతల, మధ్యలో లోతైన చీలిక. అటు వెళ్లనివ్వరు.

సూర్యుడు సముద్రంలోంచి రాలేదు. తూర్పున ఉన్న నల్లనది కొండల వెనకనుంచి వచ్చాడు. ముందు ఆ కొండల అంచులు పదునెక్కాయి, తర్వాత మా తలల పైనున్న రాయి ఎర్రబడింది, వెలుతురు రాతి మీదుగా కిందికి దిగుతూ చివరికి నీళ్ల మీద పడింది. పగడపు దిబ్బల గోడ అలలను బయటే విరగ్గొడుతుంది. ఆ గోడకూ ఒడ్డుకూ మధ్య లోతులేని నీరు ఒక్కోచోట ఒక్కో నీలం, ఒక్కో పచ్చ. తోకలో పొడుగాటి తెల్లని ఈకలున్న సముద్రపక్షులు మా కంటే కింద ఎగురుతున్నాయి. కెమెరాలు బయటికొచ్చాయి. కుర్రాళ్లు ఒకరినొకరు కౌగలించుకున్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత అందాన్ని చూసి మనసు నిండడంలో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే అంటాను.

కానీ ఆ అరుగు మీద వెలుతురు పడ్డ క్షణంలో మేము కూడా కనపడ్డాం. కింద రోడ్డు మీద పోయే మోటారు సైకిలు మాకు కనపడుతోంది. అంటే అతను తలెత్తితే మేమూ అతనికి కనపడతాం. ఆకాశం ముందు నిలబడిన ఏడెనిమిది ఆకారాలు. రెండు వందల ఏళ్ల కిందట ఇదే అరుగు మీద ఇదే ఘడియలో ఒక మనిషి నిలబడి ఉంటే అది అతని ప్రాణానికి ముప్పు. చీకట్లోనే వాళ్లు కిందికి దిగేవాళ్లు, తోటల్లోంచి తిండి తెచ్చుకునేవాళ్లు. తూర్పు తెల్లబడుతోందంటే నిప్పు ఆర్పాలి, పిల్లల నోరు మూయాలి, గుహ లోపలికి జరగాలి. మేము ఏ వెలుతురు కోసం డబ్బు కట్టి, నిద్ర మానుకుని వచ్చామో, ఆ వెలుతురు కాసేపు ఆగితే బాగుండునని వాళ్లు రోజూ అనుకుని ఉంటారు. మాకు దృశ్యమైనది వాళ్లకు కాపలా. ఆ నీలిరంగు నీళ్లలోకి వాళ్లు చూసింది పడవల కోసం. ఆ మెడలాంటి నేల మీద చూసింది ధూళి కోసం, కుక్కల కోసం.

సూర్యోదయాన్ని చూడటానికి కొండెక్కాలంటే కాళ్లలో సత్తువ ఒక్కటే చాలదని నాకు అక్కడ తోచింది. కంటపడినా ఏమీ కాదన్న భరోసా ముందు ఉండాలి. అది నాకు ఎంత సహజంగా ఉందంటే, ఉందన్న సంగతే గుర్తు లేదు.

ల మోర్న్ గురించి ఆ దేశంలో ప్రతి పిల్లవాడికీ తెలిసిన కథ ఒకటుంది. బ్రిటిషువాళ్లు ద్వీపాన్ని 1810లో గెలుచుకున్నారు. వాళ్ల పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దు చేసింది. మారిషస్‌లో ఆ చట్టం 1835 ఫిబ్రవరి 1న అమలయింది. ఆ కబురు చెప్పడానికి ఒక సైనికుల దళం ల మోర్న్ ఎక్కిందట. పైనున్న వాళ్లు తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకుని, మళ్లీ సంకెళ్లు వేయించుకోవడం కంటే చావే మేలని చరియ మీంచి దూకేశారట. ఇది జరిగినట్టు చూపే కాగితం ఏదీ దొరకలేదని చరిత్రకారులు అంటారు. పైన మనుషులు బతికిన ఆనవాళ్లు మాత్రం ఉన్నాయి. కొండ పాదం దగ్గరి పాత శ్మశానంలో తవ్విన ఎముకల డీఎన్ఏ చూస్తే అవి మొజాంబిక్, మడగాస్కర్ మూలాల వాళ్లవని తేలింది.

కథ నిజమా కాదా అని జర్మనీ ఆయన అడిగాడు. గైడు కాసేపు ఆలోచించి, "మా నాయనమ్మ ఈ కొండ వైపు వేలు చూపించనిచ్చేది కాదు" అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. నాకది సరిపోయింది. కాగితాలు రాసినవాళ్లు కింద ఉన్నారు, దూకినవాళ్లు పైన ఉన్నారు. పైనున్న వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పడానికి నోటి మాట, సెగ పాట తప్ప ఏమి మిగులుతాయి? మేకతోలు బిగించి, మంట సెగకు కాచి వాయించే రవాన్ డప్పుతో పుట్టిన ఆ బానిసల సంగీతాన్ని యునెస్కో 2014లో గుర్తించింది.

ఆ కథలో నన్ను పట్టుకున్నది దూకడం కాదు, కబురు. కింది నుంచి యూనిఫాం వేసుకుని పైకొచ్చిన వాళ్లు ఒక్కసారి కూడా మంచి కబురు తెచ్చి ఉండరు. అలాంటప్పుడు ఈసారి తెచ్చారని ఎలా నమ్ముతారు? నిజానికి ఆ కబురు కూడా పూర్తిగా మంచిదేం కాదు. 1835లో విడుదలైన 60 వేల మందికి పైగా బానిసలు శిక్షణ పేరుతో 1839 దాకా పాత యజమానుల దగ్గరే పని చేయాల్సి వచ్చింది. బ్రిటన్ తన వలసలన్నిటికీ కలిపి 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, అదీ యజమానులకు. బానిసలకు పైసా ఇవ్వలేదు. ఆ రోజు ఎవరైనా నిజంగా చరియ మీంచి దూకి ఉంటే వాళ్లు పొరబడ్డారని నేననలేను.

దిగడం మొదలుపెట్టాక పెద్దాయన నా పక్కకొచ్చాడు. అప్పటిదాకా అందరితో ఫ్రెంచిలో మాట్లాడిన మనిషి, బడిలో నేర్చుకున్న జాగ్రత్తైన తెలుగులో, "మీది ఏ ఊరమ్మా?" అన్నాడు. నేను నిలబడిపోయాను. "కాకినాడండీ" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. "మా వాళ్లు కోరంగి రేవులో ఓడెక్కారంట" అన్నాడు.

కోరంగి మా ఊరికి పక్కనే. ఇప్పుడక్కడ మడ అడవులు, చెక్క వంతెన మీద నడిచే సందర్శకులు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకో ఉప్పెన ఆ పట్నాన్ని ముంచేశాయి. ఆ తీరం నుంచి వెళ్లిన వాళ్లను మారిషస్‌లో కోరంగీలు అన్నారు. ఆయన ఇంట్లో ఇప్పటికీ దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన చేస్తారట. సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారట, అమ్మోరు పండగ చేస్తారట. ఉగాదికి దేశమంతటికీ సెలవు.

వాళ్లు ఎందుకు వెళ్లారో ఆ కొండ మీద నిలబడి ఆలోచిస్తే లెక్క తేలిపోతుంది. బానిసత్వం పోతుందని తెలియగానే చెరకు తోటల యజమానులు వేరే చేతులు వెతుక్కున్నారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి పోర్ట్ లూయిస్‌లో దింపింది. బానిసలకు కబురు అందడానికి ఇంకా మూడు నెలలుంది. వెళ్లేవాళ్లు చోటు ఖాళీ చేయకముందే వచ్చేవాళ్లను తెచ్చిపెట్టారన్నమాట. ఆ తర్వాత దాదాపు 90 ఏళ్లలో నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఆ రేవులో దిగారు. మన తెలుగువాళ్లు అందులో ఒక పాయ.

పెద్దాయన తన ముత్తాత గురించి చెప్పాడు. పేరు సరిగా తెలియదు, నంబరు తెలుసు. కూలీల ఫొటోలు, నంబర్లు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థ వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయట. 1867 చట్టం తర్వాత, ఒప్పందం ముగిసిన కూలీ కూడా తన ఫొటో అంటించిన టికెట్టు వెంట పెట్టుకునే తిరగాలి. అది లేకుండా రోడ్డు మీద పోలీసుల కంటపడితే దేశదిమ్మరి అని జైల్లో వేసేవారు. ఈ అన్యాయం మీద 1871లో వేల మంది పాత కూలీలు కలిసి అర్జీ పెట్టుకున్నారు, దాన్ని రాయడానికి అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని సాయం చేశాడు. ఆ మరుసటి ఏడు లండన్ నుంచి విచారణకు రాయల్ కమిషన్ వచ్చింది.

అది వింటుంటే అరుగు మీద కలిగిన భయం మళ్లీ కదిలింది. ఈసారి అది ఎవరి చరిత్రో కాదు. కంటపడటానికి భయపడిన వాళ్లలో గోదావరి నోటి నుంచి వెళ్లిన మా వైపు మనుషులూ ఉన్నారు. బానిసల వారసులూ కూలీల వారసులూ ఆ దేశంలో ఎవరి కథ వాళ్లే చెప్పుకుంటారని, ఎవరి బాధ ఎక్కువన్న మాట ఎన్నికలప్పుడు వస్తుందని పెద్దాయన విచారంగా అన్నాడు. గైడు వెనక్కి తిరిగి, "అందుకే మీలాంటి వాళ్లు ఇంకా ఎక్కువ మంది రావాలి, తోంతోన్" అన్నాడు. పెద్దవాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు. ఆ దేశంలో పుట్టి అరవై దాటిన మనిషి ల మోర్న్ ఎక్కడం అదే మొదలట.

ఎండ ఎక్కేకొద్దీ రాయి కాలసాగింది. దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు కనపడని లోతు ఇప్పుడు కాళ్ల ముందే ఉంది. ఒక చోట గైడు చరియ పక్కన పొద చూపించాడు. ట్రొకేషియా బూటోనియానా, ఆ దేశపు జాతీయ పుష్పం, సహజంగా ఈ ఒక్క కొండ మీదే పెరుగుతుంది. గంటలా కిందికి వేలాడే ఎర్ర పువ్వు. దాన్ని కోస్తారేమోనని అతను మా అందరి చేతుల వంకా చూశాడు. ఎవరూ కోయలేదు. కింద, సముద్రం ఒడ్డున సరుగుడు చెట్ల నీడలో, బానిసల దారికి గుర్తుగా చెక్కిన రాళ్ల మధ్య కూర్చుని, తెచ్చుకున్న రొట్టెలు పంచుకున్నాం. ఇండియా పేరుతో కూడా అక్కడ ఒక రాయి ఉంది.

మరునాడు పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసి ఘాట్‌కు వెళ్లాను. పెద్దాయనా వచ్చాడు, మనవణ్ణి వెంటబెట్టుకుని. ఓడ దిగిన కూలీలు ఎక్కిన 16 రాతి మెట్లు అక్కడున్నాయి. 2006లో వాటికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. మారిషస్‌లోని ప్రపంచ వారసత్వ స్థలాలు ఈ రెండే, ఆ కొండా ఈ మెట్లూ. కారులో గంటన్నర దూరం కూడా ఉండదు. అయినా టూరు కంపెనీలు కొండను సాహసం కింద, మెట్లను చరిత్ర కింద వేర్వేరు రోజులకు, వేర్వేరు జనానికి అమ్ముతాయి. నాకు వీలుంటే ఆ రెంటినీ ఒకే ప్రయాణంగా కట్టేస్తాను. చీకట్లో కొండెక్కి, ఎండలో దిగి, మధ్యాహ్నానికి ఈ మెట్ల దగ్గరికి రావాలి. అక్కడ బానిస మనవడే గైడుగా ఉండాలి, ఇక్కడ కూలీ మనవడు. లేదా అటుదిటు. ఈ మాటే పెద్దాయనతో అంటే, ఆయన మనవడికి క్రియోల్‌లో ఏదో చెప్పి, జేబులోంచి ఫోను తీసి నా చేతికిచ్చాడు. "ఆ గైడు అబ్బాయి నంబరు మీ దగ్గరుంది కదమ్మా, ఇందులో వెయ్యండి. ఫిబ్రవరి ఒకటికి వీణ్ణి కూడా కొండ మీదికి తీసుకెళ్తాను" అన్నాడు.